కండను పెంచే ద్రవం

మనిషి ఒంట్లోంచి తీసిన పప్పుబద్దంత కండముక్కను కణాలుగా విడదీసి గాజుపాత్రలో బతికించాలంటే వాటికి ఏం మేపాలి? చాలాకాలం అందరూ వాడింది పశువుల సీరమే, ముఖ్యంగా గర్భస్థ దూడ సీరం. కణాలు బాగానే పెరిగేవి. కానీ అందులో ఏ పదార్థం వల్ల పెరుగుతున్నాయో తెలిసేది కాదు. ఒక సీసాకూ ఇంకో సీసాకూ పొంతన ఉండదు. మేత సంగతే తెలియనప్పుడు ప్రయోగ ఫలితాన్ని ఎంతవరకు నమ్మగలం?

1961లో అలెగ్జాండర్ మౌరో కప్ప కండర తంతువుల అంచున ఒదిగిన చిన్న కణాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసి, శాటిలైట్ కణాలని పేరు పెట్టాడు. కండకు దెబ్బ తగిలితే మేల్కొని విభజన చెందేవి ఇవే. మనిషి కండలోని ఈ కణాలను వేరుచేసి పెంచే పద్ధతిని 1981లో స్టాన్‌ఫర్డ్‌లోని హెలెన్ బ్లౌ బృందం ప్రకటించింది. 1988లో కొలరాడో శాస్త్రవేత్త రిచర్డ్ హామ్ ఆ బృందంతో కలిసి వీటికోసమే ఎంసీడీబీ 120 అనే పోషకద్రవాన్ని తయారుచేశాడు. దానికి ఇన్సులిన్, డెక్సామెథసోన్, ఆల్బుమిన్, ఫెట్యూయిన్, ఈజీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్ కలిపారు. ఆల్బుమిన్, ఫెట్యూయిన్ పశురక్తం నుంచి వచ్చినవే అయినా, ఏది ఎంత వేశారో ఇప్పుడు చెప్పగలరు. సీరం లేకుండానే ఒంటరి కణం సైతం విభజన చెంది గుంపు కట్టింది.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది దీని తర్వాతి ఘట్టం. ఎఫ్‌జీఎఫ్ లాంటి గ్రోత్ ఫ్యాక్టర్ కణం పైపొర మీది గ్రాహకానికి అతుక్కుని "విభజన చెందు" అన్న సంకేతాన్ని లోపలికి పంపుతుంది. ఆ సంకేతం అందుతున్నంతసేపూ కణాల సంఖ్య పెరుగుతుందే తప్ప అవి కండగా మారవు. టీజీఎఫ్-బీటా కూడా ఆ మార్పును అడ్డుకుంటుంది. ఐజీఎఫ్-1 ఒక్కటే వింతైనది: మొదట విభజనకూ, తర్వాత పరిపక్వతకూ తోడ్పడుతుంది.

అందుకే కణాలు పాత్ర నిండా పరుచుకోగానే గ్రోత్ ఫ్యాక్టర్లున్న ఆ ద్రవం తీసేసి, 2 శాతం గుర్రపు సీరం ఉన్న పలుచని ద్రవం పోస్తారు. కొద్దిరోజుల్లో కణాలు వరుసకట్టి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, అనేక కేంద్రకాలున్న పొడవాటి గొట్టాలవుతాయి. ఇక విభజన ఉండదు. క్రియాటిన్ కైనేజ్ ఎంజైము పెరిగిందంటే కండ తయారైనట్టే. ఈ ఎంజైము పనిచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను కండలో కనిపెట్టినవారు హార్వర్డ్‌లో పనిచేసిన ఫిస్కే, మన యల్లాప్రగడ సుబ్బారావు. అది 1927 నాటి మాట.

ద్రవం మార్చడంలో ఆలస్యం చేస్తే కిక్కిరిసిన కణాలు వాటంతటవే కలిసిపోతాయి, విత్తనాలుగా దాచుకోవలసిన నిల్వ పోతుంది. కాబట్టి పెంచేవారు పాత్రను రోజూ చూసుకోవాలి. డుషేన్ కండరక్షీణత ఉన్న పిల్లల కణాలపై మందులు పరీక్షించేవారికి ద్రవం మార్చే ఈ సమయం తప్పకూడదు. ఆ పిల్లల్లో లోపించిన డిస్ట్రోఫిన్ ప్రొటీన్ ప్రధానంగా ఈ గొట్టాల్లోనే తయారవుతుంది. మందు ఆ ప్రొటీన్‌ను తిరిగి పుట్టించిందో లేదో వెతకవలసింది అక్కడే.