టెహరాన్‌లో ఆగిన సైకిళ్లు

సైకిలు మీద ఎంత దూరం పోవచ్చు? పక్క ఊరికి పోవచ్చు. సంతకు పోవచ్చు. కొందరు సైకిలు మీద దేశాలే దాటారు. అయితే వాళ్లు రోజూ తొక్కుతూనే పోలేదు. మధ్యమధ్య ఆగారు. రాజధాని పట్నం వస్తే తప్పకుండా ఆగేవారు. అక్కడే ఎందుకు ఆగాలి? ఆగి ఏం చేస్తారు?

మొదటి సంగతి ఒంటికి సంబంధించింది. దున్నే ఎద్దుకు కూడా మధ్యాహ్నం కాడి విప్పుతాం. నీళ్లు పెట్టి నీడన కడతాం. మనిషి కాళ్లూ అంతే. దినమంతా తొక్కితే తొడల్లో, పిక్కల్లో కండ నలిగిపోతుంది. అది తిరిగి బాగుపడాలంటే విశ్రాంతి కావాలి. సీటు ఒరుసుకుని పుండ్లు పడతాయి. చేతివేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఒకరోజు ఆగితే కడుపునిండా తినొచ్చు. బట్టలు ఉతుక్కోవచ్చు. పుండుకు ఊరట దొరుకుతుంది.

బండికీ పని ఉంటుంది. చైను కడిగి నూనె వెయ్యాలి. వదులైన పుల్లలు బిగించాలి. అరిగిన టైరు మార్చాలి.

అసలు పని కాగితాలది. పరాయి దేశం పోవాలంటే సాధారణంగా రెండు కావాలి. మన దేశం ఇచ్చేది పాస్‌పోర్టు. అంటే ఈ మనిషి మావాడే అని చెప్పే చిన్న పుస్తకం. పోబోయే దేశం ఇచ్చే అనుమతి వీసా. ఆ అనుమతి ఇచ్చే కచేరీలు చాలావరకు రాజధానిలోనే ఉంటాయి. వాటిని రాయబార కార్యాలయాలు అంటారు. కావలసిన అనుమతి లేకపోతే కాళ్లలో ఎంత బలమున్నా సరిహద్దు దాటలేరు.

ఈ సంగతి థామస్ స్టీవెన్స్‌కు బాగా తెలిసొచ్చింది. ఆయన ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడ్డాడు. 1884లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బయలుదేరాడు. ఆయన సైకిలు మన సైకిలు లాంటిది కాదు. ముందు చక్రం 50 అంగుళాలు, అంటే మనిషి రొమ్ము ఎత్తు. వెనక చక్రం చిన్నది. చైను లేదు. పెడళ్లు ముందు చక్రానికే ఉండేవి. టైరులో గాలి కూడా లేదు, గట్టి రబ్బరే. పంక్చరు బాధ లేదు కానీ రాళ్ల బాటలో నడుం విరిగేది. సామానంటారా? మారు చొక్కా, మేజోళ్లు, వానకోటు, ఒక పిస్తోలు. అంతే. ఆ వానకోటే రాత్రి పక్క.

1885లో ఆయన టెహరాన్ చేరాడు. అది ఇరాన్ రాజధాని. అప్పట్లో ఆ దేశాన్ని బయటివాళ్లు పర్షియా అనేవారు. ఊరికి ఉత్తరాన ఎల్బుర్జ్ కొండలు ఉంటాయి. చలికాలం మంచు పడుతుంది. అందుకని నెలల తరబడి అక్కడే ఉండిపోయాడు. దేశాన్ని ఏలే నాసిరుద్దీన్ షా కూడా ఆ వింత బండిని తొక్కించుకుని చూశాడు. 1886 మార్చిలో మళ్లీ బయలుదేరాడు. కానీ సైబీరియా మీదుగా పోవడానికి రష్యావాళ్లు ఒప్పుకోలేదు. ఆఫ్ఘనిస్తాన్‌లోకి పోతే పట్టుకుని వెనక్కి పంపారు. రాజుగారి మెప్పు ఉన్నా పొరుగు రాజ్యాల ముద్ర లేదు మరి. చుట్టూ తిరిగి ఓడ ఎక్కి మన దేశం వచ్చాడు. లాహోరు నుంచి కలకత్తా దాకా ఎండలో తొక్కాడు. 1886 డిసెంబరులో జపాన్‌లోని యోకోహామాలో ఆయన యాత్ర ముగిసింది.

ముప్పై ఏడేళ్ల తర్వాత, 1923 అక్టోబరు 15న, బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్ల మీద బయలుదేరారు. వాళ్లు బరువులెత్తే క్లబ్బులో సభ్యులు. ఒంట్లో బలానికి కొదవలేదు. బలూచిస్తాన్ ఎడారి దాటారు. పర్షియా దారులన్నీ తొక్కి టెహరాన్ చేరారు.

బాట మీద ఉన్నంతసేపు సాయంత్రానికి ఏ ఊరు చేరాలి, నీళ్లెక్కడ దొరుకుతాయి అన్న యావే ఉంటుంది. ఆగినప్పుడే ఇల్లు గుర్తొస్తుంది. ముందుకా, వెనక్కా అన్న మాట అక్కడే తేల్చుకోవాలి. ఎందుకంటే పట్నం దాటాక తిరిగిపోవడానికి దారి దొరకడం కష్టం. ఆ ఆరుగురిలో నరీమాన్ కపాడియా టెహరాన్ నుంచే ఇంటికి మళ్లాడు. సొంత కారణాలు అన్నారు. అది పిరికితనం అనడానికి లేదు. అప్పటికే అంత ఎడారి దాటిన మనిషి.

మిగిలిన ఐదుగురు బాగ్దాద్ వైపు సాగారు. అక్కడి నుంచి అలెప్పోకు మళ్లీ ఎడారే. ఆ తర్వాత ఐరోపా, అమెరికా, జపాన్, చైనా, బర్మా. దారిలో మరో ఇద్దరు తప్పుకున్నారు. ఆది హకీం, జాల్ బాపాసోలా, రుస్తుం భుంగారా అనే ముగ్గురు 1928 మార్చి 18న బొంబాయి చేరారు. మొత్తం 71 వేల కిలోమీటర్లు తొక్కామని లెక్క చెప్పారు. తమ యాత్ర గురించి ముగ్గురూ కలిసి ఒక పుస్తకం కూడా రాశారు.