సెల్ఫ్ ఒకసారి తీసుకుంటుంది, ఒకసారి తీసుకోదు: పాత కారు ఉన్నవాళ్లు ముందుగా చూసుకోవాల్సినవి

బడంగ్‌పేట్: మా తమ్ముడు మూడేళ్ల క్రితం ఒక పాత మిత్సుబిషి లాన్సర్ కొన్నాడు. 2001 మోడల్. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్ కొనే తాహతు మనకెక్కడిది, మన గల్లీలో ఇదే స్పోర్ట్స్ కార్ అని మురిసిపోయేవాడు. బండి రోడ్డెక్కితే నిజంగానే బాగుంటుంది. ఎక్కించడమే కష్టం. పొద్దున ఒక్క తాళం తిప్పుకే స్టార్ట్ అయ్యేది. సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో సామాన్లు కొని వచ్చి తాళం తిప్పితే ‘టక్’ అని ఒక్క చప్పుడు, అంతే. పది నిమిషాలు ఆగి తిప్పితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అయ్యేది.

మెకానిక్‌కి చూపిస్తే ముందు బ్యాటరీ మార్చాడు. మూడు వారాలు బాగానే నడిచింది. తర్వాత ఒక వానాకాలం రాత్రి రెండు గంటలకు అమ్మీకి ఆయాసం ఎక్కువైంది. ఆమెను వెనక సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పితే మళ్లీ అదే ‘టక్’. హెడ్‌లైట్లు మాత్రం ధగధగ వెలుగుతున్నాయి. పక్కింటి చాచా తన ఆటో తీయబట్టి ఎల్బీ నగర్ దాకా వెళ్లగలిగాం. అమ్మీ క్షేమంగానే ఇంటికొచ్చింది. మరుసటి రోజు ఇంకో మెకానిక్ ‘సెల్ఫ్ మోటార్ పోయింది, ఏడు వేలు’ అన్నాడు. చివరికి తేలిందేంటంటే మోటార్ పోలేదు, మొదట మార్చిన బ్యాటరీ కూడా పోలేదు. పోయింది ఒక ఎర్త్ కేబుల్.

నేను చదివింది కామర్స్. కానీ లెక్క టాలీ కాకపోతే కనబడిన ఎంట్రీ మార్చేయకుండా తేడా ఎక్కడుందో వెతకాలని అందులోనే నేర్పిస్తారు. కారు కరెంటుకు కూడా అదే పద్ధతి సరిపోతుంది.

సెల్ఫ్ ఎలా పనిచేస్తుంది?

1912లో క్యాడిలాక్ కార్లలో ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చింది. చార్లెస్ కెటరింగ్ అనే ఇంజినీర్ బృందం తయారుచేసింది. అంతకుముందు ముందువైపు రాడ్ పెట్టి చేత్తో తిప్పాల్సిందే. నూరేళ్లు దాటినా మూలసూత్రం మారలేదు.

ఇందులో రెండు దారులున్నాయి. ఒకటి చిన్న కరెంటు దారి: తాళం నుంచి సన్నని వైరు మోటార్ మీదున్న సొలినాయిడ్‌కి వెళ్తుంది. రెండోది పెద్ద కరెంటు దారి: బ్యాటరీ ప్లస్ నుంచి లావు కేబుల్ మోటార్‌కి వెళ్తుంది. అక్కడి నుంచి ఇంజిన్ లోహం ద్వారా, ఎర్త్ కేబుల్ ద్వారా బ్యాటరీ మైనస్‌కి తిరిగొస్తుంది. తాళం తిప్పగానే సొలినాయిడ్ లోపలి ఇనుప కడ్డీని లాగుతుంది. ఆ కడ్డీ మోటార్ పళ్లచక్రాన్ని ఫ్లైవీల్‌కి తగిలిస్తుంది, లోపలి రాగి బిళ్లతో పెద్ద దారిని కలుపుతుంది. మనకు వినిపించే ‘టక్’ అదే.

లైట్లు వెలుగుతుంటే సెల్ఫ్ ఎందుకు తిరగదు?

అందరూ పొరబడేది ఇక్కడే. రెండు హెడ్‌లైట్లకు కలిపి సుమారు 10 ఆంపియర్లు చాలు. చిన్న పెట్రోల్ ఇంజిన్‌ని తిప్పాలన్నా సెల్ఫ్‌కి 100 ఆంపియర్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కావాలి. ఒక తుప్పు పట్టిన జాయింట్ దగ్గర 0.02 ఓమ్ అడ్డు ఉందనుకోండి. 10 ఆంపియర్లకు అక్కడ పోయేది 0.2 వోల్టే, కంటికి తెలియదు. 100 ఆంపియర్లకు 2 వోల్టులు పోతాయి. సెల్ఫ్ నీరసపడటానికి అది చాలు.

పైగా లైట్ల ఎర్త్ బాడీకి ఉంటుంది, సెల్ఫ్ ఎర్త్ ఇంజిన్ మీదుగా వస్తుంది. ఇంజిన్ ఎర్త్ చెడిపోయినా లైట్లకు ఏమీ కాదు. కాబట్టి ‘లైట్లు బాగున్నాయి, కరెంటు బాగానే ఉంది’ అనే మాట నమ్మొద్దు.

ముందు చప్పుడు వినండి

‘టక టక టక’ అని వరసగా కొట్టుకుంటూ డాష్‌బోర్డ్ లైట్లు మసకబారితే: బ్యాటరీలో చార్జ్ తక్కువ, లేదా దాని టెర్మినల్స్ లూజు.

ఒక్కసారి ‘టక్’ అని ఆగిపోతే: లావు కేబుల్స్, ఎర్త్, సొలినాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు, మోటార్ కార్బన్ బ్రష్‌లు. వీటిలో ఏదో ఒకటి.

అసలు చప్పుడే రాకపోతే: తాళం స్విచ్, రిలే, ఫ్యూజ్, సన్నని వైరు. ఆటోమేటిక్ గేర్ కారైతే గేర్ లివర్ దగ్గరి న్యూట్రల్ స్విచ్ కూడా.

‘జుయ్’మని మోటార్ మాత్రమే తిరిగి ఇంజిన్ కదలకపోతే: బెండిక్స్ జారుతోంది, లేదా ఫ్లైవీల్ పళ్లు అరిగాయి.

ఇంజిన్ మామూలు వేగంతో తిరిగి కూడా అందుకోకపోతే అది సెల్ఫ్ సమస్య కాదు. పెట్రోల్, స్పార్క్ సంగతి చూడాలి.

మీటర్‌తో పావుగంట పని

మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు. బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగండి. చేతి ఉంగరాలు, స్టీల్ వాచీ తీసేయండి. బ్యాటరీ దగ్గర సిగరెట్ వద్దు, అందులోంచి వచ్చే హైడ్రోజన్ అంటుకుంటుంది. ఒకరు తాళం తిప్పాలి, ఒకరు మీటర్ చూడాలి. ఒక్కసారికి పది సెకన్లు మించి తిప్పొద్దు, మధ్యలో ఒకటి రెండు నిమిషాలు ఆగాలి.

1. బండి రాత్రంతా ఆగాక బ్యాటరీ మీద చూడండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 దగ్గరుంటే సగమే ఉన్నట్టు.

2. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీ మీద చూడండి. 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీని చార్జ్ చేయించి, లోడ్ టెస్ట్ చేయించండి.

3. మీటర్ ఒక కొన బ్యాటరీ మైనస్ పోల్ మీద, ఇంకో కొన ఇంజిన్ శుభ్రమైన లోహం మీద పెట్టి సెల్ఫ్ కొట్టండి. 0.2, 0.3 వోల్టుల లోపే ఉండాలి. ఎక్కువుంటే ఎర్త్ దోషం.

4. బ్యాటరీ ప్లస్ పోల్‌కి, మోటార్ మీద లావు కేబుల్ బిగించిన బోల్ట్‌కి మధ్య కూడా అలాగే చూడండి. అర వోల్టు దాటకూడదు.

5. తాళం తిప్పినప్పుడు సొలినాయిడ్ సన్నని వైరులో 10 వోల్టులకు పైగా రావాలి. రాకపోతే దోషం తాళం స్విచ్ నుంచి అక్కడిదాకా ఎక్కడో ఉంది.

ఇవన్నీ సరిగ్గా ఉండి, రెండు దారుల్లో కరెంటు అందుతున్నా మోటార్ తిరగకపోతే అప్పుడు మోటార్ విప్పించండి. బ్రష్‌లు, సొలినాయిడ్ కాంటాక్టులు మార్చితే చాలాసార్లు పాత మోటారే పనికొస్తుంది.

ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇలా వచ్చిపోయే సమస్యలో, బండి బాగా స్టార్ట్ అవుతున్న రోజున కూడా 3, 4 పరీక్షలు తేడా చూపించగలవు. సొలినాయిడ్, బ్రష్‌ల దోషం మాత్రం మొరాయించిన సమయంలోనే దొరుకుతుంది. అందుకే మీటర్ డిక్కీలో ఉంచుకోండి.

వేడెక్కాక ఎందుకు మొరాయిస్తుంది?

రాగి ఒక్కో డిగ్రీ వేడెక్కితే దాని అడ్డు సుమారు 0.4 శాతం పెరుగుతుంది. ఇంజిన్ వేడికి 50 డిగ్రీలు పెరిగితే 20 శాతం ఎక్కువ. సొలినాయిడ్ చుట్టలో లాగే బలం ఆ మేరకు తగ్గుతుంది. అరిగిన తాళం స్విచ్‌లో ఇంకో వోల్టు పోతే ఇక లాగలేదు. పాత పోర్షా 911 లాంటి స్పోర్ట్స్ కార్లలో తాళం ముందు, ఇంజిన్ వెనక కాబట్టి వైరు దారి మరీ పొడుగు. ఇలాంటి బండ్లకు చాలామంది మంచి ఫ్యూజ్‌తో ఒక రిలే పెట్టించుకుంటారు. దాంతో సొలినాయిడ్‌కి కరెంటు దగ్గరి దారిలో వెళ్తుంది, తాళం స్విచ్ మీద భారం తగ్గుతుంది. కానీ ఐదో పరీక్షలో తేడా వస్తేనే ఆ పని. ఎర్త్ దోషానికి రిలే మందు కాదు.

మా బండిలో ఏం దొరికింది?

బ్యాటరీ 12.5 చూపించింది, సెల్ఫ్ తిరిగేటప్పుడు 10.8. రెండూ బాగానే ఉన్నాయి. మూడో పరీక్షలో 1.6 వోల్టులు వచ్చాయి! ఇంజిన్ దగ్గర ఎర్త్ కేబుల్ చివర బోల్ట్ కింద ఆయిల్, తుప్పు పేరుకున్నాయి. కేబుల్ పోగులు సగం తెగి ఉన్నాయి. యాక్సిలరేటర్ కేబుల్ కూడా కాస్త వెచ్చగా తగిలింది. సరైన దారి దొరకని కరెంటు అందులోంచి పోతోందన్నమాట. బ్యాటరీ మార్చినప్పుడు కేబుల్స్ అటూఇటూ కదిలి, కొన్నాళ్లు తాత్కాలికంగా పట్టు దొరికింది. అందుకే ఆ మూడు వారాలు మమ్మల్ని మోసం చేశాయి.

బ్యాటరీ మైనస్ ముందు విప్పి, చివర్లో బిగించి, బోల్ట్ చోటు ఎమ్రీ పేపర్‌తో మెరిసేలా రుద్ది కొత్త కేబుల్ వేశాం. 350 రూపాయలు. మీటర్ ఇప్పుడు 0.1 చూపిస్తోంది.

రోడ్డు మీద ఆగిపోతే

మాన్యువల్ గేర్ బండిని తోసి రెండో గేర్‌లో స్టార్ట్ చేయొచ్చు. ఆటోమేటిక్‌కి అది కుదరదు. సెల్ఫ్ మోటార్‌ని పానాతో కొట్టడం అందరికీ తెలిసిన చిట్కా. బ్రష్ ఇరుక్కుంటే మెల్లగా తడితే పనిచేస్తుంది, కానీ శాశ్వత అయస్కాంతాలున్న మోటార్లలో గట్టిగా కొడితే ఆ అయస్కాంతమే పగులుతుంది. ఒక్కసారి తట్టి స్టార్ట్ అయితే నేరుగా ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికే పోవాలి.

మెకానిక్ మీద కోపం అక్కర్లేదు. ‘సెల్ఫ్ మార్చాలి’ అన్నప్పుడు ‘భాయ్, ఎర్త్ దగ్గర ఎంత డ్రాప్ వస్తోంది? మీటర్ పెట్టి చూపించు’ అని అడగండి. పని తెలిసినవాడు చూపిస్తాడు. ఇంట్లో పెద్దవాళ్లు, ఆయాసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఉంటే ఆ పరీక్ష ఈ ఆదివారమే చేయించుకోండి. మేము చేయించుకోక రాత్రి రెండు గంటలకు వానలో ఆటో కోసం పక్కింటి తలుపు కొట్టాల్సి వచ్చింది.