లోహమునకు పూత, ఎముకకు పొత్తు

ఇత్తడి గిన్నెలో పులుసు కాచుటకు ముందు కళాయి పూయింపవలెనని శ్రోతలందరకు తెలిసినదే. గిన్నెకు బలము ఇత్తడిది. పులుసును చెడనీయనిది తగరపు పొర. శరీరమున నాటు లోహముల సంగతియు ఇట్టిదే. ఊడిన పంటి చోట దవడ ఎముకలో బిగించు మరకు గాని, అరిగిన తుంటికీలుకు బదులు అమర్చు కడ్డీకి గాని, బలము లోహముదే. మంచిచెడ్డలు చాలవరకు పైపొరవి.

1952లో స్వీడను దేశమందలి లుండ్ నగరమున బ్రోనెమార్క్ అను శాస్త్రజ్ఞుడు రక్తప్రసారమును పరిశీలించుటకై కుందేటి ఎముకలో టైటానియపు పరికరము నమర్చెను. పని ముగిసి ఊడదీయబోగా అది రాలేదు. ఎముక దానిని అంటి పెరిగియుండెను. 1965లో ఆయన ఒక రోగి దవడలో టైటానియపు మరలు నాటెను. గాలి సోకినంతనే ఆ లోహముపై ఏర్పడు ఆక్సైడు పొర ఈ పొత్తునకు ముఖ్యాధారము. దాని మందము కొన్ని నానోమీటర్లే. మీటరును నూరు కోట్ల భాగములు చేయగా అందొక భాగము నానోమీటరు. తలవెండ్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లు.

మరి వేరొక పూత ఏల? లోహము లోనికి పోయినంతనే దానిపై చోటుకై పందెము మొదలగును. ఒకవైపు ఎముకను కట్టు జీవకణములు, వేరొకవైపు సూక్ష్మజీవులు. ఇవి ముందు చేరినచో జిగురు పొర కప్పుకొని కూర్చుండును. ఆ మాటున మందులు వానికి సరిగా తగులవు. తరచు లోహమునే తీసివేయవలసివచ్చును. తుంటికీలు మార్పించుకొన్న వృద్ధునకు అనగా మరల కత్తి, మరల మంచము, మరల ఖర్చు.

ఎముకలోని ఖనిజము కాల్షియము, ఫాస్ఫేటులు గల హైడ్రాక్సీ అపటైటు. దీనిని లోహముపై పూయుట 1980ల నుండి కలదు. కాని మందపు పూత ఒక్కొక్కప్పుడు పెచ్చులూడును. గిన్నెకైన మరల కళాయి వేయింపవచ్చును, ఎముకలోని మరకు ఆ వీలేది? నిజమైన ఎముకలో ఈ స్ఫటికములు నానోమీటర్ల కొలతవే. కనుక అంతటి సన్నని రేణువులతో పలుచని పూత వేసినచో ఎముక కణములు త్వరగా చేరుకొనునని శాస్త్రజ్ఞుల తలంపు. అట్టి పూతగల పంటి మరలు వాడుకలోనికి వచ్చినవి.

సూక్ష్మజీవులను తరుముటకు వెండి రేణువులను చేర్చుటయు కలదు. తడి తగిలిన వెండినుండి వెలువడు అయానులు వానిని చంపును. చిక్కేమన, మోతాదు మించిన వెండి ఎముక కణములను సైతము విడువదు. ఎంత వెండి, ఎన్ని దినములు వెలువడవలెననుటయే అసలు ప్రశ్న. ప్రయోగశాలలో గెలిచిన పూత మనుష్యుని దవడలో పదియేండ్లు నిలుచునని ముందుగా చెప్పరాదు. కావున నానో అను పేరు విని మోజుపడుట తగదని మా అభిప్రాయము. ఆ పూతగల మరలు రోగులలో ఎన్నియేండ్లు నిలిచినవని వైద్యుని అడుగుట మేలు. పొగత్రాగుట, అదుపులేని మధుమేహము, శుభ్రపరుపని చిగుళ్లు మంచి పూతను సైతము ఓడింపగలవు. మర బిగించుటకు ముందు దంతవైద్యుడు వీనిని గురించి ప్రశ్నించుట అందులకే.