మంచం పైని అద్దం

మెక్సికో నగరంలోని నేషనల్ ప్రిపరేటరీ స్కూలు ఆ దేశానికంతటికీ పేరుమోసిన విద్యాలయం. 1922లో అందులో చదివే సుమారు 2000 మందిలో బాలికలు 35 మంది మాత్రమే. ఆ కొద్దిమందిలో ఒక పిల్ల కొయోకాన్ అనే శివారు గ్రామం నుండి రోజూ వచ్చి చదువుకుని పోయేది. ఆరేళ్ల ప్రాయంలో పోలియో సోకి ఆమె కుడికాలు సన్నబడింది. తోటిపిల్లలు గేలి చేసినా ఆమె లెక్కచేయలేదు. తండ్రి ఆమె చేత ఈతలు కొట్టించాడు, బంతి ఆడించాడు, చెట్లెక్కించాడు. ఆమె కోరిక అల్లా వైద్యశాస్త్రం చదివి డాక్టరు కావాలనే. చిత్రలేఖనం జీవనవృత్తి కాగలదన్న ఊహ అప్పటికి ఆమెకు లేదు. ఆమె పేరు ఫ్రీడా కాలో. పుట్టినది 1907 జూలై 6. తాను 1910లో, అనగా మెక్సికో విప్లవం ఆరంభమైన యేట, పుట్టానని చెప్పుకోవడం ఆమెకు సరదా.

1925 సెప్టెంబరు 17న ఆమె జీవితం దారి మళ్లింది. ఆనాటి సాయంకాలం అలెహాంద్రో గోమెస్ ఆరియాస్ అనే సహాధ్యాయితో కలిసి ఆమె ఇంటికి బయలుదేరింది. మొదట ఎక్కిన బస్సులోనే సాగిపోయి ఉంటే ఏమీ జరిగేది కాదు. చిన్న గొడుగు ఒకటి పోయిందని దిగి, వెతికి, మరొక బస్సు ఎక్కారు. బస్సులు అప్పటికి ఆ నగరంలో కొత్త. జనానికి వాటి మీద మోజు మెండు. సాన్ హువాన్ సంత దగ్గర మలుపు తిరుగుతున్న ఆ కొయ్య బస్సును ఒక ట్రాము ఢీకొన్నది. ట్రాము వేగంగా రాలేదట. నెమ్మదిగానే వచ్చి, బస్సును గోడకేసి నొక్కి, విరిచివేసింది. లోపలి ఇనుపకమ్మీ ఒకటి ఫ్రీడా నడుములో దిగబడింది. వెన్నెముక మూడుచోట్ల చిట్లింది, కటియెముక మూడు తునకలయింది, పోలియో పీడించిన ఆ కుడికాలే 11 చోట్ల విరిగింది, పాదం నలిగిపోయింది. ఎవరో పనివాడు వెంట తెచ్చుకున్న బంగారు వన్నె పొడి పొట్లం చిట్లి ఆమె రక్తసిక్తమైన దేహంపై చల్లుకుపోయిందనీ, చూచినవారు ఆమెను నర్తకి అనుకున్నారనీ అలెహాంద్రో తరువాత చెప్పాడు.

రెడ్‌క్రాస్ ఆస్పత్రిలో ఆమె నెలరోజులు ఉన్నది. బతుకుతుందని వైద్యులకు నమ్మకం లేదు. ప్రాణం దక్కి ఇల్లు చేరి, కొన్ని నెలలకు లేచి నడిచింది కూడాను. కాని మరుసటి యేడు నొప్పి తిరగబెట్టింది. వెన్నుపూసలు తప్పిన సంగతి అప్పటికి గాని తెలియలేదు. ఇక ప్లాస్టరు కవచాలు, కదలిక లేని పడక, నెలల తరబడి గది పైకప్పు. వైద్యవిద్య మాట మూలపడింది. చికిత్సల ఖర్చుతో ఇంటివారు అప్పులపాలయ్యారు.

ఇటువంటి కథలు చెప్పేటప్పుడు, బాధ మనిషిని కళాకారుణ్ణి చేస్తుందని అనేయడం మనకు అలవాటు. ఆ మాట వినసొంపుగా ఉంటుంది గాని నిజం చాలవరకు వేరు. ఆ రోజు అదే బస్సులో గాయపడినవారు ఇంకా ఉన్నారు. వారిలో మరొకరు చిత్రకారులైనట్లు ఎవరూ వ్రాయలేదు. ఫ్రీడాకు బాధతో పాటు మరికొన్ని లభించాయి. తండ్రి గియెర్మో కాలో జర్మనీ నుండి వచ్చి స్థిరపడిన ఫొటోగ్రాఫరు. మెక్సికోలోని పురాతన కట్టడాలను ప్రభుత్వం కోసం ఛాయాచిత్రాలు తీసిన నిపుణుడు. ఫొటోలకు సన్నని కుంచెతో మెరుగులు దిద్దే పని కూతురికి చిన్నతనంలోనే నేర్పాడు. వెంట్రుకవాసి గీతను చెయ్యి వణకకుండా గీయడం ఆమెకు అక్కడ అలవడింది. ప్రమాదానికి ముందు ఫెర్నాండో ఫెర్నాండెస్ అనే ముద్రణాలయ చిత్రకారుని వద్ద కొంతకాలం నకళ్లు గీసే పని కూడా నేర్చింది. తండ్రి స్టూడియోలో ఒక మూల తైలవర్ణాల పెట్టె ఉండేది. ఆయన ఆదివారాల పూట ఏటి ఒడ్డున కూర్చుని సరదాకు బొమ్మలు వేసుకునేవాడు. ఆ పెట్టెపై ఫ్రీడాకు ఎన్నాళ్ల నుండో కన్ను. మంచాన పడ్డాక అడిగింది, ఇచ్చాడు.

తల్లి మటిల్డే చదువుకున్నది తక్కువ. కూతురితో ఆమెకు పొత్తు అంతంతమాత్రమే. అయినా అసలు ఉపాయం ఆమెదే. కూర్చోలేని మనిషి బొమ్మ వేయడమెలా? వడ్రంగిని పిలిపించి, పడుకునే వేసుకునేందుకు వీలుగా మంచానికి తగిలించే చట్రం ఒకటి చేయించింది. మంచం పైని పందిరి అడుగున అద్దం బిగింపించింది. వెల్లకిల పడివున్న పిల్లకు కళ్లు తెరిస్తే తన ముఖమే కనిపించేది. జీతం లేని నమూనా, కదలకుండా కూర్చోమని బతిమాలనక్కరలేని నమూనా! ఫ్రీడా వేసిన చిత్రాలలో సుమారు మూడోవంతు స్వీయచిత్రాలే కావడాన్ని కొందరు ఆత్మమోహమని నిందించారు. వారు ఆ అద్దం సంగతి మరచినట్లున్నది.

ఆ తొలి స్వీయచిత్రం 1926 నాటిది. మఖమలు దుస్తులు, పొడవాటి మెడ, కొనదేరిన వేళ్లు, వెనుక నల్లని అలలు. ఇటలీ పూర్వచిత్రకారుల పుస్తకాలు తిరగవేసిన ఛాయలు అందులో స్పష్టం. గాయం ఊసే లేదు. చిత్రాన్ని అలెహాంద్రోకు కానుకగా పంపింది. అతని మనస్సు అప్పటికే దూరమవుతున్నది. దానిని తిరిగి రప్పించుకోవాలన్నదే ఆమె ఆశ. తాను కదలలేదు కనుక బొమ్మను రాయబారం పంపింది. తరువాతి రెండేళ్లలో చూడవచ్చిన స్నేహితులను, చెల్లెలు క్రిస్టీనాను చిత్రించింది. ఏకాంతవాసంలో పుట్టిన ఆ చిత్రాలన్నీ ఎవరో ఒకరిని పలకరించేవే.

మరొక విశేషం. తన శరీరం గురించి అన్ని చిత్రాలు వేసిన ఈమె, ఆ ప్రమాదాన్ని మాత్రం వర్ణచిత్రంగా వేయనేలేదు. 1926లో పెన్సిలుతో గీసిన చిత్తు ఒకటి ఉన్నది, అంతే. మెక్సికోలో ఆపద గట్టెక్కినవారు ఆ సంఘటనను చిన్న రేకు మీద బొమ్మగా వేయించి, కింద కృతజ్ఞతావాక్యం వ్రాయించి, దేవళంలో సమర్పించే ఆచారం కలదు. మన మొక్కుబడుల వంటిదే. అటువంటి రేకులను ఫ్రీడా చాలా సేకరించింది. వాటిలో ఒకదాని మీద బస్సు, ట్రాము గుద్దుకున్న దృశ్యం, నేల మీద పడివున్న పిల్ల కనిపించాయి. ఫ్రీడా దానికి నాలుగు మెరుగులు దిద్ది, బస్సు మీద పేరు మార్చి, ఆ పిల్లకు తన కలుపు కనుబొమలు పెట్టింది. ఎవరో పేరు తెలియని పల్లె చిత్రకారుని పని ఆ విధంగా ఆమె కథ అయింది.

1928లో ఆమె తన చిత్రాలు కొన్ని తీసుకుని, విద్యామంత్రిత్వశాఖ భవనంలో కుడ్యచిత్రాలు వేస్తున్న డియెగో రివేరా వద్దకు పోయి, ముఖస్తుతి మాని ఉన్నమాట చెప్పమన్నది. ఆయన సాగించమన్నాడు. 1929లో వారి వివాహం జరిగింది. ఆ దాంపత్యంలోని తుఫానులు జగద్విదితం. 1938లో న్యూయార్కులో ఆమె చిత్రప్రదర్శన జరిగింది. మరుసటి యేడు పారిస్‌లో ఆమె చిత్రం ఒకదానిని ఫ్రెంచి ప్రభుత్వం కొన్నది.

ఇంతకూ ఆమెకు స్వస్థత కలిగిందా? దేహం సంగతి అడిగితే, లేదనే చెప్పాలి. జీవితంలో ఆమెకు జరిగిన శస్త్రచికిత్సలు ముప్పయి దాకా ఉంటాయని జీవితచరిత్రకారులు లెక్కగట్టారు. 1944 నాటి ‘విరిగిన స్తంభం’లో ఆమె నిటారుగా నిలబడి ఉన్నది, చీలిన మేనిలో వెన్నెముకకు బదులు బీటలువారిన రాతిస్తంభం, ఒంటినిండా మేకులు, దేహాన్ని పట్టి ఉంచుతున్నది తెల్లని కవచపు పట్టీలే. కళ్లలో నీరున్నది గాని ముఖంలో దీనత లేదు. చూపు సూటిగా మనమీదనే. నొప్పి ఎక్కడ, ఎలా ఉన్నదని వైద్యుడు అడిగితే మాటలు వెతుక్కోని రోగి ఉండడు. ఆమె ఆ ప్రశ్నకు మాటలు లేకుండా బదులు చెప్పగలిగింది. చికిత్స అంటే అదేనా అంటే కాకపోవచ్చు. కాని తన బాధకు తాను వట్టి పాత్ర కాక, దానిని వర్ణించే వ్యక్తి కావడం చిన్న మార్పు కాదు. 1950లో ఆస్పత్రిలో నెలల తరబడి పడివున్నప్పుడు ఒంటి మీది ప్లాస్టరు కవచం మీదనే బొమ్మలు వేసుకున్నది. తనకు శస్త్రచికిత్స చేసిన డాక్టరు ఫరీల్‌కు 1951లో కృతజ్ఞతగా ఒక చిత్రం సమర్పించింది: తాను చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్నది, చేతిలో కుంచెలు, రంగులపలకకు బదులు హృదయం, పక్కన పీఠం మీద డాక్టరు చిత్తరువు. ఆ పాత రేకుల మొక్కుబడి పద్ధతే ఇది. దేవుని స్థానంలో వైద్యుడు.

ఉపాధ్యాయులకు ఆసక్తి కలిగించే అధ్యాయం ఇంకొకటి ఉన్నది. 1943లో ‘లా ఎస్మెరాల్డా’ అనే చిత్రకళాశాలలో ఆమె అధ్యాపకురాలయింది. కొద్దినెలలకే నగరం దాకా పోయిరావడం దుస్సహమై, శిష్యులనే కొయోకాన్‌లోని తన ఇంటికి రమ్మన్నది. దూరం వల్ల చాలామంది మానివేశారు. చివరకు నలుగురు మిగిలారు. వారిని జనం ‘ఫ్రీడోలు’ అని పిలిచారు. ఇంటి తోటలోని మొక్కలను, కోతులను, వీధిలోని మనుషులను చూచి వేయమన్నది. తన బాణీని వారి మీద రుద్దలేదు. ఇంటికి సమీపంలోని ఒక కల్లు దుకాణం గోడల మీద వారిచేత బొమ్మలు వేయించి, ఆ ప్రారంభోత్సవాన్ని వీధి వీధంతా పండుగ చేసింది. బడికి పోలేని గురువు బడినే ఇంటికి తెచ్చుకున్నదన్నమాట.

1953 ఏప్రిల్‌లో స్వదేశంలో ఆమెకు మొట్టమొదటి సొంత ప్రదర్శన జరిగింది. మంచం దిగరాదని వైద్యుల ఆజ్ఞ. ఆమె తన మంచాన్ని ముందుగా ప్రదర్శనశాలకు పంపించి, ఆనక అంబులెన్సులో పోయి, దాని మీద పడుకుని అతిథులను పలకరించింది. ఆ ఆగస్టులో కుడికాలు మోకాలి దిగువన తీసివేశారు. 1954 జూలై 13న, 47వ యేట, తన ఇంటనే ఆమె కన్నుమూసింది. 1958 నుండి ఆ నీలిరంగు ఇల్లు మ్యూజియం. అద్దం బిగించిన మంచం అందులో ఉన్నది.

ఆ ఇంట ఒక గదిని మాత్రం డియెగో కోరికపై మూసివుంచారు. 2004లో దానిని తెరిచినప్పుడు దుస్తులు, మందుల సీసాలు, కవచాలు బయటపడ్డాయి. వాటి నడుమ ఒక కృత్రిమ పాదం. దానికి ఎర్రని తోలుబూటు, బూటు మీద పట్టుకుట్టుపని.