తల్లికి దూరముగా 18 నెలలు

అమెరికాలోని యూటా రాష్ట్రమున మార్మనులను క్రైస్తవశాఖవారు పెక్కుమంది కలరు. వీరు తమ మతప్రచారమునకై అవివాహిత స్త్రీలను పంపుట 1898లో నారంభమయ్యెను. ఇనెజ్ నైట్, జెన్నీ బ్రిమ్‌హాల్ అను నిరువురు కన్యలు నాడు ఇంగ్లండునకు బోయిరి. ఇప్పుడు వేలకొలది పడుచులు 18 నెలలపాటు ఈ సేవ చేయుచున్నారు. దీనికి జీతము లేదు. వ్యయము తామో తమవారో భరింతురు. పోవలసిన దేశమును తామెన్నుకొనరాదు.

సాధారణముగా ఉదయము 6.30 గంటలకు లేచి, ప్రార్థన, గ్రంథపఠనము, ఆ దేశభాషాభ్యాసము ముగించి బయలుదేరుదురు. ఒంటరిగా తిరుగరాదు, నియమింపబడిన తోడు వెంట నుండవలెను. పలుచోట్ల మొగముమీదనే తలుపు వేయుదురు. అయినను మఱునాడు మరల పోవలసినదే. రాత్రి 10.30కు నిద్ర. బట్టలుతుకుకొనుటకును, సరకులు కొనుటకును, ఇంటికి జాబు వ్రాయుటకును వారమున కొక దినము కలదు.

2019 ఆరంభము వఱకు వీరు ఇంటివారితో టెలిఫోనులో మాటలాడుట సంవత్సరమున కించుమించు రెండు పర్యాయములే: క్రిస్మసునాడు, మాతృదినోత్సవమునాడు. ఆ ఫిబ్రవరి నుండి వారమున కొకసారి మాటలాడవచ్చునని నియమము సడలించిరి. కూతు నత్తవారింటికి పంపి, ఉత్తరమునకై వాకిట నిలిచిన తల్లులకు ఆ సడలింపు విలువ వేఱుగ చెప్పవలెనా?