ఒడలంతయు నొప్పులు: మూలమెక్కడ?

నెలల తరబడి మెడ, భుజములు, నడుము, మోకాళ్లు నొచ్చుచుండును. రాత్రి నిద్రించినను తెల్లవారుసరికి బడలిక తీరదు. రక్తపరీక్షలోను, ఎక్స్‌రేలోను దోషమేమియు కానరాదు. అప్పుడు ఇంటివారు "ఇదంతయు మనోభ్రాంతి" అని తేల్చివేయుట కద్దు. రోగి నొప్పితోపాటు నిందను కూడ మోయవలసివచ్చును. వైద్యులు ఫైబ్రోమయాల్జియా అని పిలుచు ఈ వ్యాధిని గూర్చి శాస్త్రజ్ఞులు కనుగొనిన విషయములను కొన్నింటిని శ్రోతలకు విన్నవించెదము.

1904లో ఆంగ్ల వైద్యుడు విలియం గవర్స్ నడుమునొప్పిని గూర్చి ప్రసంగించుచు, కండరములలోని నారపొరలు తాపము చెందుటయే ఇట్టి నొప్పులకు హేతువని తలచి, ఫైబ్రోసైటిస్ అను పేరు పెట్టెను. పిమ్మట కండరపు తునకలను సూక్ష్మదర్శినితో పరీక్షింపగా ఆ తాపము కానరాలేదు. అందువలన పరిశోధకుల దృష్టి కండరమునుండి నాడీమండలమునకు మరలినది.

రేడియోలో ధ్వని హెచ్చించు మరను పూర్తిగా త్రిప్పినచో గుసగుస కూడ గర్జనమగును గదా! ఈ రోగుల వెన్నుపాములోను, మెదడులోను ఇట్టి హెచ్చింపే జరుగుచున్నదని పెక్కుమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయము. 2002లో అమెరికాలో గ్రేస్‌లీ బృందమువారు రోగుల బొటనవ్రేలి గోటిపై ఒత్తిడి కలిగించి, మెదడును చిత్రించిరి. ఆరోగ్యవంతులను బాధించు ఒత్తిడికంటె ఎంతో తక్కువ ఒత్తిడికే వీరికి అంత నొప్పియు కలిగెను. మెదడులోని నొప్పి కేంద్రములును అట్లే స్పందించెను. అంతకుమునుపు 1994లో, నొప్పి వార్తలను చేరవేయు 'సబ్‌స్టెన్స్ పి' అను రసాయనము ఈ రోగుల వెన్ను ద్రవములో సుమారు మూడు రెట్లున్నట్లు తేలినది.

నిద్రకును దీనితో సంబంధము కలదు. 1975లో టొరాంటో నగరమున మాల్డాఫ్‌స్కీ, ఆరోగ్యవంతుల గాఢనిద్రను కొన్ని రాత్రులు శబ్దములతో భంగపరచగా, వారికిని ఒడలునొప్పులు కలిగెను.

2021లో మరియొక విశేషము వెల్లడియైనది. రోగుల రక్తమునుండి తీసిన ప్రతిరక్షకములను చిట్టెలుకలకు ఎక్కింపగా, అవి స్వల్పమైన ఒత్తిడికిని, చలికిని బాధపడజొచ్చెను. ఆరోగ్యవంతుల ప్రతిరక్షకములు అట్టి మార్పు కలిగింపలేదు. అయితే చిట్టెలుకలలో కనిపించినదెల్ల మానవులకు వర్తించునని తలపరాదు. వంశపారంపర్యమును కలుపుకొని, ఇందు పెక్కు హేతువులు పెనవైచికొని యుండవచ్చును.

ఇట్టి నొప్పులు కలవారు ముందుగా వైద్యుని దర్శించి, కీళ్లవాతము, థైరాయిడ్ లోపము వంటివి లేవని నిశ్చయించుకొనవలెను. పిదప శక్తికి తగినట్లు కొద్దికొద్దిగా పెంచుకొను నడక, వేళకు నిద్ర మేలు చేయును. ఇంటివారు చేయవలసినది ఒక్కటి: పరీక్షాపత్రములో దోషము లేనంతమాత్రమున నొప్పి అబద్ధము కాదని గ్రహించుట.