షోకేసులో కారు: సరదానా, సరుకా?

కలకడ: రాయచోటి నుంచి పీలేరు వైపు పోయే పెద్ద రోడ్డు కలకడ మీదుగానే పోతుంది. టమోటా కోతలు మొదలయ్యాయంటే లారీలు, పికప్ బండ్లు వరస కట్టి కనిపిస్తాయి. ఇక్కడి పిల్లలకు బండి పేరు చెప్పడానికి ముందుకొచ్చి చూడాల్సిన పని లేదు, హారన్ వింటే చాలు. అట్లాంటి పిల్లల చేతికి బొటనవేలంత ఇనుప కారు దొరికితే వదులుతారా?

కొన్ని ఇళ్లకు ఆ కార్లు కువైట్ నుంచో, సౌదీ నుంచో అబ్బా తెచ్చే పెట్టెలో వస్తాయి. కొన్ని ఇళ్లకు రంజాన్ పండగ ఈదీ డబ్బులతో వస్తాయి. మదనపల్లె, కుప్పం పక్క పిల్లలైతే బెంగళూరు చుట్టాల ఇంటికి పోయినప్పుడు మాల్‌లో కొనిపించుకుంటారు. ఒకటి రెండయ్యి, రెండు ఇరవై అయ్యి, హాల్లో పింగాణీ ప్లేట్లు పెట్టే షోకేసులో ఒక అర కార్లకే పోతుంది. అప్పుడు ఇంట్లో ప్రశ్నలు మొదలవుతాయి. ఇంత డబ్బు బొమ్మలకా? ఇది ఇస్రాఫ్ కాదా? “అమ్మీ, ఇది ఖర్చు కాదు, ఇన్వెస్ట్‌మెంట్” అని కొడుకు చెప్పే మాట నిజమేనా? నిజమైతే జకాత్ సంగతేంటి?

ఒక్కొక్కటీ చూద్దాం.

డైకాస్ట్ అంటే ఏంటి?

ఇనుప కారు అని మనం అంటాం గానీ అందులో ఇనుము ఉండేది తక్కువ. జింకు ఎక్కువగా ఉండి, కాస్త అల్యూమినియం, మెగ్నీషియం, రాగి కలిసిన మిశ్రమ లోహం అది. దాన్ని జమాక్ అంటారు. 400 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ వేడిలో కరిగించి, ఉక్కు అచ్చులోకి గట్టి ఒత్తిడితో పంపిస్తారు. చల్లారాక తీస్తే కారు పైభాగం తయారు. ఆ అచ్చును ‘డై’ అంటారు, పోత పోయడాన్ని ‘కాస్ట్’ అంటారు. పేరు అట్లా వచ్చింది. అచ్చు చేయించడానికే ఖర్చు ఎక్కువ. అది తయారయ్యాక లక్షల కార్లు తీయొచ్చు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, ధర గురించి మాట్లాడేటప్పుడు మళ్లీ పనికొస్తుంది.

పెట్టె మీద 1:64, 1:43, 1:24, 1:18 అని కనిపించే అంకెలు కొలతలు. 1:64 అంటే అసలు బండి పొడవును 64తో భాగించినంత. అంబాసిడర్ కారు 4.3 మీటర్ల పొడవు ఉంటుంది. 1:64లో అది 6.7 సెంటీమీటర్లు, 1:43లో 10, 1:24లో 18, 1:18లో దాదాపు 24 సెంటీమీటర్లు. సైజు పెరిగేకొద్దీ తలుపులు తెరుచుకుంటాయి, బానెట్ లేస్తుంది, ధర కూడా లేస్తుంది.

మన బజార్లో దొరికే వెనక్కి లాగి వదిలితే పరుగెత్తే అంబాసిడర్లు, ఆటోలు చాలావరకు ప్లాస్టిక్‌వి. అవి డైకాస్ట్ కాదు. అట్లని తక్కువేం కాదు, మన రోడ్డు మీది బండ్లు ఎక్కువగా దొరికేది వాటిలోనే.

అగ్గిపెట్టెలో పట్టిన బండి

ఇంగ్లాండులో లెస్నీ అనే కంపెనీ ఉండేది. అందులో భాగస్వామి జాక్ ఒడెల్. అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలు మాత్రమే తెచ్చుకోవాలని ఆయన కూతురి స్కూల్లో నియమం ఉండేదట. కూతురి కోసం ఆయన అగ్గిపెట్టెలో పట్టేంత చిన్న రోడ్డు రోలర్ చేసిచ్చాడు. 1953లో మొదలైన మ్యాచ్‌బాక్స్ కార్లకు మూలం అదే. 1968లో అమెరికా కంపెనీ మాటెల్ 16 మోడళ్లతో హాట్ వీల్స్ తెచ్చింది. లెస్నీ 1982లో దివాలా తీసింది. మ్యాచ్‌బాక్స్ పేరు చేతులు మారి 1997లో మాటెల్ దగ్గరికే చేరింది.

మన దేశానికీ ఇందులో భాగం ఉంది. 1960ల చివర్లో ఇంగ్లాండు డింకీ కంపెనీ వాడేసిన అచ్చులు కలకత్తాకు వచ్చాయి. వాటితో ‘నిక్కీ టాయ్స్’ పేరుతో ఇక్కడే కార్లు పోశారు. ఇప్పుడు పాత కార్లు సేకరించేవాళ్లు వాటిని వెతుక్కుంటారు.

ఇక సేకరణలో గిన్నిస్ రికార్డు కెక్కినవాడు లెబనాన్‌కు చెందిన కార్ రేసర్ నబీల్ కరం. 2016లో లెక్కపెడితే ఆయన దగ్గర 37,777 మోడల్ కార్లు ఉన్నాయి.

చిన్న నమూనాలను అద్దాల వెనక పెట్టి చూసుకోవడం మనకూ కొత్త కాదు. హైదరాబాద్ పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ సిల్వర్ జూబిలీకి కానుకగా వచ్చిన వెండి భవనాల నమూనాలు ఇప్పటికీ చూడొచ్చు. చన్నపట్న కొయ్య బొమ్మల పనిని టిప్పు సుల్తాన్ ప్రోత్సహించాడని చెప్తారు. బొమ్మ మీద ఇష్టం తప్పు కాదు. దాని మీద పెట్టే డబ్బు, దాని గురించి చెప్పుకునే లెక్క, ఇవే చూసుకోవాల్సినవి.

‘ఇన్వెస్ట్‌మెంట్’ మాట ఎంత నిజం?

పాత కారు ఒకటి లక్షలు పలికిందని వీడియోల్లో చూపిస్తారు. అబద్ధం కాదు. హాట్ వీల్స్‌లో అందరికంటే పేరున్నది 1969 నాటి ‘బీచ్ బాంబ్’ అనే ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్ నమూనా. సర్ఫింగ్ పలకలు వెనక అద్దంలోంచి బయటికి వచ్చేటట్టు మొదట దాన్ని చేశారు. ట్రాక్ మీద అది సరిగా నిలవలేదు. డిజైన్ మార్చి, పలకలను పక్కలకు పెట్టి బజారుకు వదిలారు. పనికిరాదని పక్కన పెట్టిన ఆ పాత నమూనాలు కొన్నే మిగిలాయి. అందుకే వాటికి అంత ధర. అంటే అది అరుదు కావడానికి కారణం ఒక పొరపాటు. దుకాణంలో కొని దాచినోళ్ల తెలివి కాదు.

మరి ఇవాళ దుకాణంలో వేలాడే కారు సంగతి? 2008 నాటికే హాట్ వీల్స్ కార్లు 400 కోట్లు తయారయ్యాయి. అచ్చు ఒకసారి చేస్తే లక్షల కార్లు తీయొచ్చని పైన చెప్పుకున్నాం కదా. లక్షల్లో ఉన్న వస్తువును లక్షల మంది పెట్టె విప్పకుండా దాచిపెడితే, ఇరవై ఏళ్ల తర్వాత కూడా అది లక్షల్లోనే ఉంటుంది. పాతది అయినంత మాత్రాన ధర రాదు. తక్కువగా మిగలాలి, అడిగేవాళ్లు ఉండాలి.

1995 నుంచి హాట్ వీల్స్ ‘ట్రెజర్ హంట్’ పేరుతో కొన్ని ప్రత్యేక కార్లు వదులుతోంది. వాటిలో సూపర్ రకానికి మెరిసే రంగు, రబ్బరు టైర్లు ఉంటాయి. వీటికి గిరాకీ నిజమే. కానీ అవి మన చేతికి వచ్చేసరికి మధ్యలో ఎంతమంది చేతులు పడ్డాయో చెప్పలేం. దుకాణదారు మాత్రం ప్యాక్ మీద ముద్రించిన ఎంఆర్‌పీ కంటే ఎక్కువ తీస్కోకూడదు, అది లీగల్ మెట్రాలజీ నిబంధన. తీసుకుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

ఒక లెక్క వేసి చూద్దాం

ఇంటర్ చదివే అబ్బాయి ఒకడు అమ్మకం కోసం 20 కార్లు కొన్నాడనుకుందాం. ఒక్కోటి 180 రూపాయలు, మొత్తం 3,600. అందులో 5 కార్లు ఒక్కోటి 300కు అమ్మాడు. “ఒక్కోదానికి 120 లాభం, మొత్తం 600” అని ఇంట్లో చెప్పాడు.

కొరియర్ ఖర్చు ఒక్కోదానికి 60 అతనే పెట్టుకున్నాడు, 5 కార్లకు 300. వచ్చిన 1,500లో అది పోతే 1,200. ఆ 5 కార్ల అసలు ఖరీదు 900. నికర లాభం 300 మాత్రమే. ఇప్పుడు జేబు చూడండి. పోయింది 3,600, వచ్చింది 1,200. చేతిలో 2,400 తక్కువ. మిగిలిన 15 కార్లలో 2,700 రూపాయల సరుకు కూర్చుని ఉంది. అవి అమ్ముడుపోకపోతే ఆ 300 లాభానికి అర్థం లేదు.

కాగితం మీద లాభం, జేబులో లోటు. చిల్లర దుకాణం నడిపిన ఎవరికైనా తెలిసిన సంగతే ఇది. బొమ్మ అందంగా ఉందని లెక్క మారదు.

దీన్‌లో ఎక్కడ నిలుస్తుంది?

బొమ్మ రూపం గురించి కొంతమంది అడుగుతారు. ఉలమాలు అభ్యంతరం చెప్పేది ప్రాణం ఉన్నవాటి రూపాల మీద. కారు, లారీ, బస్సు లాంటి ప్రాణం లేనివాటికి అది వర్తించదు. రోడ్డు సెట్టింగు చేసేటప్పుడు మనుషుల బొమ్మలు పెట్టకుండా బండ్లతోనే సరిపెట్టేవాళ్లు అందుకే ఉన్నారు.

ఇస్రాఫ్ అనేది వస్తువును బట్టి కాదు, ఇంటి స్థితిని బట్టి. ఫీజు బాకీ ఉండగా, అప్పు తీర్చాల్సి ఉండగా షోకేసు నింపితే అది ఇస్రాఫే. బాధ్యతలు తీరాక, హద్దులో ఒకటి కొనుక్కుంటే మాట వేరు. పక్కింటోళ్లకు చూపించుకోవడానికే అయితే నియ్యత్‌ను ఎవరికి వాళ్లే చూసుకోవాలి.

జకాత్ దగ్గర తేడా ఇంకా స్పష్టం. సొంత సరదాకు పెట్టుకున్న వస్తువుల మీద జకాత్ లేదు. అమ్మాలనే ఉద్దేశంతో కొన్నవి మాత్రం తిజారత్ సరుకు. ఆ సరుకు, ఇంట్లోని నగదు, బంగారం, వెండి అన్నీ కలిపి నిసాబ్ దాటి, చాంద్రమాన ఏడాది గడిస్తే 2.5 శాతం ఇవ్వాలి. కొన్న ధర కాదు, ఆ రోజు అమ్ముడుపోయే ధర లెక్క. అమ్మకానికి ఉన్న కార్ల విలువ 60,000 అయితే వాటి వంతు 1,500 రూపాయలు. హనఫీ మస్లక్‌లో నాబాలిగ్ పిల్లల సొత్తు మీద జకాత్ లేదు, పెద్దల సరుకు మీద ఉంది. “ఇది ఇన్వెస్ట్‌మెంట్” అని ఇంట్లో చెప్పి, జకాత్ రోజున “ఇవి బొమ్మలే కదా” అంటే కుదరదు. ఎవరి లెక్క వాళ్లు తమ మస్జిద్ ఇమామ్ సాబ్ ముందు పెట్టి అడగడం మేలు.

రెండు చోట్ల ఇంకా జాగ్రత్త కావాలి. ఒకటి లక్కీ డ్రా. 30 మంది దగ్గర తలా 100 వసూలు చేసి, 1,500 రూపాయల కారును ఒకరికి ఇస్తే, మిగతా 29 మంది డబ్బు పోయినట్టే. పేరు ఏదైనా అది జూదమే. రెండోది ముందస్తు బుకింగ్. తన చేతిలో లేని కారును అమ్మేసి డబ్బు తీస్కోవడానికి ఫిఖ్‌లో కట్టడి ఉంది. సలం ఒప్పందం చేసుకోవాలంటే దాని షరతులు వేరు. మామూలు భాషలో చెప్పాలంటే, ముక్కూ మొహం తెలియనివాళ్లకు ముందే డబ్బు పంపొద్దు.

కొనేముందు, పెట్టేముందు

2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఇది ఊరికే పెట్టింది కాదు. 2007లో మాటెల్ అంత పెద్ద కంపెనీయే రంగులో సీసం ఉందని ‘సార్జ్’ అనే బొమ్మ జీపును వెనక్కి పిలిపించాల్సి వచ్చింది. సీసం పిల్లల మెదడుకు హాని. చవగ్గా వచ్చిన పేరులేని కారును నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఇవ్వొద్దు. మూడేళ్ల లోపు పిల్లలకు ఊడొచ్చే చక్రాలున్న ఏ కారూ వద్దు, గొంతులో ఇరుక్కుంటుంది. పెట్టె మీద 14 ఏళ్లు పైబడినవారికి అని ఉంటే అది షోకేసు వస్తువు, ఆట వస్తువు కాదు.

పాత కారు కొనేటప్పుడు అడుగు భాగం చూడండి. కంపెనీ పేరు, మోడల్ పేరు అచ్చులోనే పోసి ఉంటాయి. పోతలో సీసం లాంటివి కలిసిన పాత లోహం లోపల్నుంచి పగుళ్లిచ్చి పొడిపొడిగా రాలుతుంది. దానికి మందు లేదు. సన్న పగుళ్లు కనిపిస్తే కొనకపోవడమే మంచిది.

షోకేసు ఎండ పడని గోడకు ఉండాలి. ఎండకు రంగు వెలుస్తుంది. అద్దం తలుపు ఉంటే దుమ్ము సగం తగ్గుతుంది. తుడవడానికి మెత్తటి బ్రష్ చాలు, తడి గుడ్డ, సబ్బు వద్దు. వేడెక్కే బల్బు కాకుండా చిన్న ఎల్ఈడీ లైటు పెట్టుకోవచ్చు. వానాకాలంలో మందుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలు లోపల పెడితే చెమ్మ లాగుతాయి, చిన్నపిల్లలకు అందకుండా పెట్టాలి.

ఎక్కువ కార్లు ఉంటేనే అందమని లేదు. కలకడ రోడ్డునే చేస్కోవచ్చు. రెండు వరసల రోడ్డు 7 మీటర్ల వెడల్పు అనుకుంటే 1:64లో 11 సెంటీమీటర్ల అట్ట ముక్క చాలు. అర మీటరు టమోటా క్రేటు అదే కొలతలో 8 మిల్లీమీటర్లు. అట్ట, ఇసుక కాగితం, రంగు, రెండు మూడు బండ్లు. వంద రూపాయల లోపు సామానుతో పిల్లలకు భాగహారం కూడా వస్తుంది.

ఇంట్లో దీని గురించి గొడవ ఉంటే ఒక నోటుబుక్కు తీయండి. ఒక పేజీకి ‘సరదా’, ఇంకో పేజీకి ‘సరుకు’ అని పేరు రాయండి. కారు ఇంటికి వచ్చిన రోజే ఏ పేజీలో రాయాలో కొన్నవాడే చెప్పాలి. సరదా పేజీలో రాసిన డబ్బు ఖర్చయిపోయినట్టే, తిరిగొస్తుందని అనుకోకూడదు. నెలకు ఇంత అని హద్దు పెట్టుకోవాలి. సరుకు పేజీలో కొన్న ధర, కొరియర్, అమ్మిన ధర, మిగిలిన సరుకు అన్నీ రాయాలి, రంజాన్ నెల వచ్చేసరికి ఆ పేజీ జకాత్ లెక్కలోకి పోవాలి. రెండు పేజీల్లోనూ రాయడానికి ఇష్టపడని కారు ఉంటే, దాన్ని దుకాణంలోనే వదిలేసి రావడం మంచిది.